డిమీటర్ కథను బుర్రకథగా కట్టే పద్ధతి

గ్రీకు దేవతల్లో బుర్రకథకి అతికినట్టు సరిపోయేది డిమీటర్ కథ. యుద్ధాల దేవుళ్ళకి కిరీటాలు, కత్తులు, పరదాలు కావాలి. ఈవిడ పంటల తల్లి, ఆవిడ కథకి తంబుర ఒకటి, డక్కీలు రెండు, మనుషులు ముగ్గురు చాలు. పైగా ఆ ముగ్గురికీ కథలోనే పనుంది. పాతాళం ఏలే దేవుడు ఎత్తుకుపోయిన కూతురి కోసం తిరిగే తల్లి కథకుడి వంతు. ఆ తల్లిని నవ్వించే పనిమనిషి హాస్యం చెప్పే వంత (డక్కీ వాయిస్తూ పక్కన పాడేవాడు) వంతు. పంట ఆపేసిన దేవతకీ పైలోకానికీ మధ్య నడిచే రాయబారాలు రాజకీయం చెప్పే వంత వంతు. ఎవరో ఈ కథని గోదావరి జిల్లాల బుర్రకథ దళాల కోసమే పంచి పెట్టారా అనిపిస్తుంది.

సంక్రాంతి రోజుల్లో రామాలయం అరుగు మీదో, బడి ఆవరణలోనో గంటన్నర ప్రదర్శనకి లెక్క ఇది. అంతకన్నా సాగదీస్తే రెండో సగంలో పిల్లలు నిద్రపోతారు, పెద్దలు మంచుకి లేచిపోతారు.

ముందు మూలం తేల్చుకోండి

డిమీటర్ కథకి పాత ఆధారం గ్రీకు కవి హోమర్ పేరుతో చెలామణీ అయ్యే స్తోత్రాల్లో ఒకటి. క్రీ.పూ. 7, 6 శతాబ్దాల నాటిది, 495 పాదాలు. దాని రాతప్రతి 1777లో మాస్కోలో బయటపడింది. ఆ ఒక్క ప్రతి దొరక్కపోతే ఈ రోజు మనం చెప్పుకునే కథలో సగం ఉండేది కాదు. రెండో ఆధారం అంతకు ఆరేడు వందల ఏళ్ళ తర్వాత లాటిన్‌లో రాసిన రోమన్ కవి ఓవిడ్. రోమన్లు ఈవిడని సెరెస్ అన్నారు.

రెండూ బాగుంటాయి. రెండూ కలిపితేనే పాడవుతుంది. గ్రీకు స్తోత్రంలో కూతురు తిన్నది ఒక్క దానిమ్మ గింజ. ఓవిడ్ ఒక కావ్యంలో ఏడు గింజలన్నాడు, ఇంకో కావ్యంలో మూడన్నాడు. అది తిన్నందుకు స్తోత్రంలో ఆ పిల్ల ఏడాదిలో మూడోవంతు కింద పాతాళంలో ఉండాలి, ఓవిడ్‌లో సగం. మొదట ఏడు గింజలని చెప్పి, ఆఖర్న నాలుగు నెలలని ముగిస్తే, ముందు వరసలో కూచున్న ఆరో తరగతి పిల్లాడు లేచి లెక్క అడుగుతాడు. అడగాలి కూడా. బుర్రకథకి గ్రీకు స్తోత్రమే మేలు. ఒక్క గింజలో ఉన్న బిగువు ఏడింటిలో లేదు.

పేర్లు, మాత్రలు

కొత్త దళాలు మొదట దెబ్బతినేది ఇక్కడే. మాత్ర అంటే పలకడానికి పట్టే కాలానికి కొలత, పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు దానికి రెండు. డిమీటర్ అన్న మాటకి ఐదు మాత్రలు. డి ఒకటి, మీ రెండు, టర్ రెండు. మన కథల్లో ఎక్కువ భాగం నడిచేది నాలుగు మాత్రల నడకలో. ఐదు మాత్రల పేరుని అందులో దూర్చాలని ‘తల్లిడి/ మీటరు’ అని విరిచారనుకోండి, తాళం సరిపోతుంది గానీ సభకి వినబడేది కరెంటు మీటరు. ఒకసారి నవ్వు వచ్చిందంటే ఆ రాత్రికి ఆ పేరు పలికినప్పుడల్లా వస్తుంది.

దారి రెండు రకాలు. నాలుగు మాత్రల పాటలో అసలు పేరు జోలికి పోకండి, ‘పంటల తల్లి’ అనండి.

పంటల తల్లీ పలుకవె తల్లీ
ఎండిన చేలకు ఏదిక దిక్కూ

పేరు పెట్టి పాడాలనుకున్న చోట మిశ్రగతికి, అంటే ఏడు మాత్రల నడకకి మారండి. ‘డిమీటరమ్మ’కి ఏడు మాత్రలు, మూడు నాలుగుగా సాఫీగా విరుగుతుంది. ‘ఏది కూతురు, డిమీటరమ్మ, ఏది కూతురు’ అని డక్కీ మీద వేసి చూడండి. ఇంకో మాట. గ్రీకులో ‘మేతేర్’ అంటే అమ్మే. మీటరు మీద ఎలాగూ నవ్వుతారనుకుంటే, హాస్యం చెప్పే వంతే ముందుగా ఆ ముక్క అందుకుని ‘ఆ దేశంలో మీటరంటే అమ్మేనండి, మన దగ్గరే బిల్లు’ అని ఒక్కసారి తేల్చేయొచ్చు. రెండోసారి వద్దు.

పెర్సెఫొనీ, అంటే కూతురు, ఆరు మాత్రలు. ‘పెర్సెఫొనమ్మా’ అంటే ఎనిమిది, నాలుగు నాలుగుగా విరుగుతుంది, మన ఊరి పిల్లలా వినిపిస్తుంది కూడా. గ్రీకులు ఆ పిల్లని ‘కోరే’ అని కూడా పిలిచేవారు, అమ్మాయి అని అర్థం. ఆ పేరు పాటలో పెట్టకండి. ‘కోరే తల్లి’ అని పాడితే తెలుగు చెవికి అర్థం వేరే. దేవతల రాజుని ‘జ్యూస్’ అనకండి, పిల్లలకి గ్లాసులో పోసి ఇచ్చేదే గుర్తొస్తుంది. ‘జెవుస్’ అంటే గ్రీకు పలుకుబడికి దగ్గరగానూ ఉంటుంది, నవ్వూ రాదు.

మొత్తం కథలో ఏడు పేర్లు దాటనివ్వద్దు: డిమీటర్, పెర్సెఫొనీ, జెవుస్, పాతాళం ఏలే హేడీస్, గుహలో ఉండే హెకాతే, ఇంటి ఇల్లాలు మెటనైరా, పనిమనిషి ఇయాంబే. మిగతావాళ్ళంతా సూర్యుడు, రాజు, పసివాడు, దూత, అంతే. ఊరి పేరు ఎలూసిస్ ఒక్కటి కావాలి. అది ఏథెన్స్‌కి వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఉంది.

వరస దగ్గర జాగ్రత్త

గోదావరి జిల్లాల సభలో ఈ కథని ముంచగలిగేది ఒక్క చుట్టరికం మాట. జెవుస్, హేడీస్, డిమీటర్ ముగ్గురూ ఒక తల్లి బిడ్డలు. పుట్టిన వరసలో డిమీటర్ హేడీస్‌కి అక్క. జెవుస్ అందరికన్నా చిన్నవాడు. పెర్సెఫొనీకి తండ్రి జెవుస్, ఆ పిల్లని హేడీస్‌కి ఇస్తానన్నదీ ఆయనే. అంటే హేడీస్ ఆ పిల్లకి తండ్రి వైపు పెదనాన్న, తల్లి వైపు మేనమామ.

కథకుడు తన నోటితో ‘మేనమామ’ అన్నాడా, సభలో సగం మంది జెవుస్ పక్షాన చేరిపోతారు. అక్క కూతుర్ని చేసుకోవడం ఇక్కడ తాతలనాటి ఆనవాయితీ. ‘వరసైనవాడేగా, ఇంత గొడవెందుకు’ అనేస్తారు. అక్కడితో తల్లి దుఃఖం మొండితనం కింద జమ అయిపోతుంది. ‘పెదనాన్న’ అంటే ఇంకో చిక్కు, కథ మొత్తం బూతుగా మారుతుంది.

మూలంలోనే దీనికి మందు ఉంది. సరిగ్గా ఈ వాదనే సూర్యుడు చేస్తాడు. తల్లి వెళ్ళి అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పి, ఏడవకు, అల్లుడు తక్కువవాడేం కాదు, నీకు తోడబుట్టినవాడు, లోకంలో మూడోవంతుకి ఏలిక అని సర్దిచెబుతాడు. కాబట్టి ఆ వరస మాట సూర్యుడి నోట, అంటే రాజకీయం చెప్పే వంత నోట పెట్టండి. పెళ్ళి పెద్ద గొంతుతో అనిపించండి. ‘అయిందేదో అయింది, అక్క కూతుర్నే కదమ్మా చేసుకున్నాడు, అల్లుడికేం లోటు?’ అని. కథకుడు దానికి బదులు చెప్పకూడదు. తంబుర తీగ మీద వేలు ఆపి, సభకేసి చూసి, దేవలోకం వదిలి నడక మొదలుపెట్టాలి. స్తోత్రంలో కూడా ఆవిడ సూర్యుడికి జవాబు చెప్పదు. దుఃఖం ఇంకా భయంకరమైందని మాత్రమే ఉంటుంది.

పిల్లని అడగలేదు, తల్లికి చెప్పలేదు. తగువు అక్కడుంది, వరసలో కాదు.

గంటన్నర పంపకం

ప్రార్థన, పరిచయం 5 నిమిషాలు. పూలతోట, ఎత్తుకుపోవడం 12. వెతుకులాట, సూర్యుడు 12. బావి గట్టు, మెటనైరా ఇల్లు, ఇయాంబే 20. పసివాడు, నిప్పు 13. పంట ఆగడం, రాయబారాలు 18. కూతురు తిరిగి రావడం 10. మొత్తం 90.

పరిచయంలో గ్రీసు ఎక్కడుంది, ఎన్నేళ్ళ కిందట అని చరిత్ర పాఠం మొదలెట్టకండి. ఒక్క సంగతి చెప్పండి చాలు. ఎలూసిస్‌లో కళ్ళం పక్కన ఎరువు కుప్పలో మెడదాకా కూరుకుపోయిన పాత రాతి విగ్రహం ఒకటి ఉండేది. ఆ ఊరి రైతులు అప్పటికే ఎన్నో తరాలుగా క్రైస్తవులు. అయినా పండగ రోజుల్లో దాని ముందు దీపం పెట్టేవారు, చేలు పండేది ఆవిడ చలవే అనేవారు. 1801లో క్లార్క్ అనే ఇంగ్లీషు యాత్రికుడు దాన్ని పట్టుకుపోతుంటే, ఇక పంటలు పండవని ఊరంతా గోల పెట్టింది. తీసుకెళ్ళిన ఓడ ఇంగ్లండు తీరం దగ్గర మునిగింది, విగ్రహాన్ని మాత్రం పైకి తీశారు. ఇప్పుడది కేంబ్రిడ్జిలో ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉంది. తర్వాత పండితులు తేల్చిందేమిటంటే అది డిమీటర్ విగ్రహమే కాదు, గుడి లోపలి ద్వారం దగ్గర నెత్తిన పూజ పెట్టె మోస్తూ నిలబడ్డ స్త్రీ. రైతుల దీపానికి ఆ తేడాతో పనిలేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి దండ వేసే ఊళ్ళలో దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

పూలతోట ఘట్టంలో పూల పేర్లు జాబితాలా చదవద్దు. గులాబి, కుంకుమపువ్వు అని రెండు చెప్పి, నార్సిసస్ దగ్గర ఆగండి. ఒకే దుంప నుంచి వంద పూలు. ఆ వాసనకి ఆకాశం, భూమి, సముద్రం నవ్వాయంటుంది స్తోత్రం. అది భూదేవి వేసిన ఎర. పిల్ల రెండు చేతులూ చాపింది, నేల నోరు తెరిచింది, బంగారు రథం పైకొచ్చింది. ఇక్కడ డక్కీలు ఒక్కసారిగా ఆగిపోవాలి. చాలామంది వాయింపు పెంచుతారు, అది యుద్ధంలా వినిపిస్తుంది. పిల్ల కేక ఒక్కటే వినబడాలి. ఆ కేక విన్నది గుహలో హెకాతే, పైన సూర్యుడు. తల్లికి చేరింది ప్రతిధ్వని మాత్రమే.

వెతుకులాట తొమ్మిది రోజులు. అన్నం లేదు, స్నానం లేదు, చేతుల్లో రెండు దివిటీలు.

తొమ్మిది పగళ్ళు తొమ్మిది రాత్రులు
చేతుల రెంటా దివిటీ లెత్తీ

రోజుకో డక్కీ దెబ్బ వేసి, తొమ్మిదో దెబ్బ తర్వాత ఒక దెబ్బంత ఖాళీ వదలండి. పదో రోజు హెకాతే ఎదురుపడేది ఆ ఖాళీలోనే.

నవ్వించే చోటు

దేవత ముసలమ్మ వేషంలో ఎలూసిస్ బావి దగ్గర, ఆలివ్ చెట్టు నీడన కూచుంటుంది. రాజు కూతుళ్ళు నలుగురు కంచు బిందెలతో నీళ్ళకొచ్చి, చూసి, జాలిపడి ఇంటికి తీసుకెళ్తారు. వాళ్ళకి ఆవిడ తన పేరు దోసో అని, క్రీటు ద్వీపం నుంచి సముద్రపు దొంగలు ఎత్తుకొచ్చారని అబద్ధం చెబుతుంది. దీన్ని రెండు నిమిషాల్లో దాటేయండి. గడప దగ్గర మాత్రం ఆగండి. ఆవిడ కాలు పెట్టగానే తల వాసానికి తగులుతుంది, గుమ్మం నిండా వెలుగు కమ్ముతుంది. మెటనైరా లేచి తన పీఠం ఇస్తుంది. ముసలమ్మ కూచోదు.

ఇక్కడ పది సెకన్లు నిశ్శబ్దం. తంబుర లేదు, కథకుడి వేలి అందె లేదు. పది సెకన్లంటే వేదిక మీద చాలా పొడుగు, లోపల పదిదాకా లెక్కపెట్టుకోండి. హాస్యం చెప్పే వంత ఆత్రపడి మధ్యలో దూరితే ఆ తర్వాత ఎంత నవ్వించినా దండగే.

అప్పుడు ఇయాంబే ముక్కాలిపీట వేసి, మీద తెల్లని గొర్రెతోలు పరుస్తుంది. ముసలమ్మ కూచుంటుంది, ముసుగు దించుకుంటుంది, మాట్లాడదు, తినదు. ఇయాంబే మేలమాడడం మొదలుపెడుతుంది. ఏమని మేలమాడిందో స్తోత్రంలో లేదు, కాబట్టి ఆ చోటు మీదే. మచ్చుకి ఒకటి:

‘కుర్చీ వద్దన్నారు, పీటేశాను. మొహం చూపించమంటే ముసుగేసుకున్నారు. పోనీ బొండం కొట్టిద్దామంటే ఈ ఊళ్ళో కొబ్బరిచెట్టే లేదాయె! అంబాజీపేట వెళ్ళి రావాలంటే సముద్రం దాటాలండి మామ్మగారూ, పడవ దిగేసరికి బొండం కాస్తా కురిడీ అయిపోద్ది!’

మూడు ఛలోక్తులు, ఆరేడు నిమిషాలు, అంతే. మొదటి రెండింటికీ సభ నవ్వాలి, కథకుడు నవ్వకూడదు. మూడోదానికి ముందు పెదవి, తర్వాత భుజాలు, ఆ తర్వాత గొంతు. సభతో పాటు మొదటి దానికే కథకుడు పళ్ళు బయటపెడితే తల్లి పోయి వేదిక మీద ముగ్గురు మగాళ్ళు మిగులుతారు. హాస్యం పది నిమిషాలు దాటినా ఇదే ప్రమాదం. మళ్ళీ దుఃఖంలోకి రావడానికి తోవ ఉండదు.

ఇంకో పాఠంలో ఇయాంబే బదులు బౌబో అనే ఆవిడ వస్తుంది. ఆవిడ నవ్వించిన పద్ధతి పిల్లలున్న సభకి పనికిరాదు, వదిలేయండి. ఇయాంబే పేరునీ, గ్రీకులో ఎగతాళి పద్యాలు రాసే ఐయాంబిక్ ఛందస్సునీ పాతవాళ్ళు ముడిపెట్టారు. హాస్యం చెప్పే వంతకి ఇది తెలిసి ఉంటే పాత్ర మీద గౌరవం పెరుగుతుంది.

నిప్పులో పసివాడు

మెటనైరా తన మగబిడ్డని ముసలమ్మ చేతిలో పెడుతుంది. పగలు ఒంటికి అమృతం రాస్తుంది, రాత్రి ఎవరూ చూడకుండా పొయ్యి నిప్పుల్లో దాస్తుంది. ముందుగా చెప్పకపోతే సభ ఇక్కడ హడలిపోతుంది, పూతన గుర్తొస్తుంది. ‘చావు లేని వాణ్ణి చేద్దామనుకుంది’ అన్న వాక్యం నిప్పు మాటకి ముందే పడాలి.

పసివాడు వేరే అక్కర్లేదు, తంబురే పసివాడు. బుర్ర వైపు మోచేతి మడతలో పెట్టుకుని, కర్ర వైపు భుజానికి ఆనించండి. మెటనైరా చూసి కేకేసినప్పుడు దేవత బిడ్డని నేలమీద పడేస్తుంది. ఊపులో తంబుర నిజంగా కింద పెట్టేసేవాళ్ళున్నారు. బుర్ర పగిలితే కథ అక్కడితో సరి. నడుం దాకా దించి, పక్క వంతకి అందించండి చాలు.

ఈ ఘట్టంలో ఇద్దరు తల్లులున్నారు. కేకేసింది కూడా తల్లే. దేవత కోపంగా అసలు రూపు చూపించి, గుడి కట్టమని ఆజ్ఞాపించి వెళ్ళిపోయాక, అక్కలు వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుంటారు, నీళ్ళు పోస్తారు, వాడు ఏడుపు ఆపడు. అంత గొప్ప దాది చేతుల్లో పెరిగినవాడు కదా. ఈ ఒక్క ముక్కా చాలామంది వదిలేస్తారు. వదలకండి.

పంట ఆగింది

కథకి నడుం ఇదే. గుడి కట్టారు, ఆవిడ అందులో కూచుంది. శాపం పెట్టలేదు, ఆయుధం ఎత్తలేదు. పని మానేసింది. ఎడ్లు నాగళ్ళు ఈడ్చాయి, తెల్లని బార్లీ గింజలు చాళ్ళలో పడ్డాయి, ఒక్కటీ మొలవలేదు.

ఇక్కడ వరి అనకండి. ఎలూసిస్‌లో పండేది బార్లీ, గోధుమ. నారుమడి, ఊడ్పు అన్న మాటలు కూడా రానివ్వద్దు, వాళ్ళది వెదజల్లే సేద్యం. ఉపమానానికి మాత్రం మన చేలు వాడుకోవచ్చు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టడం సభలో చాలామందికి ఇంకా గుర్తే. రాజకీయం చెప్పే వంత ఆ మాట ఒక్కసారి అని వదిలేయాలి. వాళ్ళు మానింది గిట్టుబాటు కాక, ఈవిడ మానింది కూతురి కోసం. అయితే పైవాడు కదిలిన తీరు చూడండి. మనుషులు ఆకలితో చస్తున్నారని కాదు, మనుషులు చస్తే దేవుళ్ళకి నైవేద్యాలు ఆగిపోతాయని జెవుస్‌కి తట్టింది. ముందు ఇంద్రధనుస్సు దేవతని పంపాడు. తర్వాత దేవుళ్ళందర్నీ ఒకరి తర్వాత ఒకర్ని కానుకలిచ్చి పంపాడు. కూతుర్ని కళ్ళతో చూసేదాకా గింజ మొలవదంది. ఈ రాయబారాలు మూడు చాలు, పన్నెండు వద్దు. ఇప్పటి పార్టీల పేర్లు అసలే వద్దు. సభ రెండుగా చీలితే దానిమ్మ గింజ దాకా ఎవరూ మిగలరు.

ఇంకో పొరపాటు ఋతువులది. ‘కూతురు కింద ఉన్న నాలుగు నెలలూ మంచు కురిసే చలికాలం’ అని పుస్తకాల్లో కనిపిస్తుంది. స్తోత్రంలో ఆ పిల్ల వసంతంలో పూలతో పాటు పైకొస్తుందని ఉన్న మాట నిజమే. కానీ గ్రీసులో విత్తేది అక్టోబరు, నవంబరుల్లో, కోత మే, జూన్‌లో. చలికాలమంతా చేను పచ్చగానే ఉంటుంది. నేల బీటలు వారి బోసిపోయేది వేసవిలో, విత్తనపు గింజ భూమిలో పాతర వేసి ఉండేదీ అప్పుడే. అందుకే పండితుల్లో కొందరు ఆ నాలుగు నెలలూ ఎండాకాలమే అన్నారు. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసి, చేలు నెరెలు విచ్చే రోజులు చూసే డెల్టా జనానికి ఈ రెండో మాటే ఎక్కువ ఎక్కుతుంది. రెండూ చెప్పండి, మంచు మాత్రం కురిపించకండి.

తిన్నావా?

జెవుస్ దూత వచ్చి అడిగాక, హేడీస్ పిల్లని పంపుతూ దొంగచాటుగా ఒక దానిమ్మ గింజ ఇచ్చాడు. రథం గుడి ముందు ఆగింది. తల్లి పరుగెత్తింది, కూతురు దూకి మెడ పట్టుకుంది. కౌగిలింతలో ఉండగానే తల్లికి ఏదో అనుమానం వచ్చి అడిగింది. కింద ఏమైనా తిన్నావా?

ఇంటికొచ్చిన ఆడపిల్లని మన అమ్మలు మొట్టమొదట అడిగేది ఇదే. అందుకని ఆ మాట అచ్చం రోజూ అడిగినట్టే అనాలి. ‘తిన్నావా అమ్మా?’ గొంతు వణకకూడదు, రాగం తీయకూడదు. అని ఆగండి. సభ ముందు మామూలుగా వింటుంది, తర్వాత దానికి అర్థమవుతుంది. పాతాళంలో మెతుకు ముట్టినవాళ్ళు పూర్తిగా తిరిగి రాలేరు. బలవంతంగా తినిపించాడని కూతురు చెబుతుంది. కథ చెప్పిన కవి మాత్రం దొంగచాటుగా ఇచ్చాడనే అన్నాడు. రెండూ అలాగే ఉంచండి, తీర్పు మీరు చెప్పకండి.

మూడోవంతు కింద, రెండు వంతులు పైన. ఒప్పందం కుదిరాక నేల పచ్చబడే తీరు చెప్పడానికి మండె కట్టిన గోనెసంచి పోలిక పెట్టండి. రోజంతా నానిన వడ్లు, గడ్డి కింద చీకట్లో రాత్రంతా వెచ్చబడి, విప్పగానే తెల్లగా మొలకెత్తి ఉంటాయి. సంచిలో చెయ్యి పెడితే తగిలే ఆ వేడి తెలియని రైతు ఉండడు.

మిగతా పనులు, మిగతా కథలు

డిమీటర్ పని గింజతో అయిపోదు. ఆవిడకి ‘థెస్మోఫొరోస్’ అని బిరుదు, కట్టుబాట్లు తెచ్చిన తల్లి అని చెప్పుకుంటారు. ఆ పేరు మీద ఏథెన్స్‌లో విత్తనాల ముందు మూడు రోజుల పండగ, ఆడవాళ్ళకి మాత్రమే. రెండో రోజు ఉపవాసం. గోతుల్లో వేసిన పందిపిల్లలు కుళ్ళాక, ఆ కుళ్ళు పైకి తీసి విత్తనాల్లో కలిపేవారు. పశువుల పెంట విలువ తెలిసిన ఊళ్ళో ఇది చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు.

ఎలూసిస్ రహస్య పూజలు ఇంకో సంగతి. గ్రీకు మాట్లాడగలిగి, చేతికి హత్య అంటనివాళ్ళెవరైనా, ఆడవాళ్ళూ బానిసలూ కూడా, దీక్ష తీసుకోవచ్చు. లోపల జరిగింది బయట చెబితే మరణదండన. క్రీ.పూ. 415లో ఆల్సిబయాడిస్ అనే సేనాపతి ఆ పూజని ఇంట్లో వెక్కిరించాడని కేసు పెట్టి చావు శిక్ష వేశారు. కాబట్టి హాస్యగాడికి హద్దు గుడి తలుపు దాకానే. లోపల ఏం జరిగేదో మీరు కల్పించి చెప్పకండి. తలుపు మూసుకున్న చప్పుడుతో ఆపేస్తేనే బాగుంటుంది.

ట్రిప్టోలెమస్ పాము రథమెక్కి లోకమంతా గింజలు చల్లడం తర్వాతి కాలపు కథ. స్తోత్రంలో అతను ఊరి పెద్దల్లో ఒకడు, అంతే. ఇంకో రాత్రికి కథ కావాలంటే ఎరిసిక్థాన్ ఉన్నాడు. డిమీటర్ తోపులో చెట్టు నరికి, తీరని ఆకలి శిక్షగా పొందినవాడు. గంట సాగుతుంది, పిల్లలు కదలరు.

కికియోన్, డక్కీ, మైకు

ద్రాక్షసారా వద్దని డిమీటర్ అడిగి తాగింది కికియోన్. బార్లీ, నీళ్ళు, ఒక రకం పుదీనా. దీక్షకి వచ్చినవాళ్ళు కూడా ఉపవాసముండి ఇదే తాగేవారు. సభకి పంచాలంటే వంద మందికి పది లీటర్ల నీళ్ళు, అర కిలో బార్లీ, నాలుగు కట్టల పుదీనా. బార్లీ దోరగా వేయించి, రవ్వగా పట్టించి, అరగంట ఉడికించి, దించాక పుదీనా నలిపి వేయండి. గ్రీకులు వాడిన పెన్నీరాయల్ మొక్క నూనె విషం, దాన్ని వెతకొద్దు, మన పెరటి పుదీనా చాలు. చల్లారితే గంజిలా బిగుస్తుంది, మధ్యాహ్నం కాచి రాత్రికి పోస్తే పులుస్తుంది. కథ మొదలయ్యే ముందు కాచి, ఇయాంబే ఘట్టం అయ్యాక గోరువెచ్చగా పంచండి. ప్రసాదం అని మాత్రం అనకండి.

సంక్రాంతి మంచుకి డక్కీ చర్మం సడలి బొంగురుపోతుంది. నిప్పుల సెగకి జానెడు దూరంలో కాచుకోండి, దగ్గర పెడితే చర్మం పెళుసుబారి చీలుతుంది. కథకుడు ముందుకీ వెనక్కీ నడుస్తాడు గనక నిలబెట్టిన మైకు పనికిరాదు, చొక్కాకి తగిలించేది కావాలి. డక్కీలకి వేరే మైకు పెట్టకండి, మాట మింగేస్తాయి.

ఆఖర్న మంగళం పాడే అలవాటు ఇక్కడ మార్చుకోవాలి. మంగళం అందుకోగానే జనం చెప్పులు వెతుక్కుంటారు. స్తోత్రం ముగింపు వేరేగా ఉంది. పాట పాడినవాడు తల్లినీ కూతుర్నీ నేరుగా అడుగుతాడు, నా పాటకి బదులుగా మనసుకి నచ్చిన బతుకుదెరువు ఇవ్వండి అని. ఆ మాట మూడు గొంతులూ కలిపి అనండి, డక్కీ మీద రెండు దెబ్బలు వేయండి, జనం లేచేలోపే తువ్వాలు పట్టుకుని హాస్యం చెప్పే వంత కిందికి దిగాలి.